డ్రాయింగు చెప్పేదొకటి, సైటులో ఉండేదొకటి: విశాఖలో ఇల్లు కట్టేవాళ్లకు దశలవారీ మార్గదర్శి

"ఇంజినీరు డ్రాయింగు ఇచ్చాడండీ, మేస్త్రి మాత్రం ఇక్కడ అలా కుదరదంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?" నెలకు నలుగురైదుగురు అడిగే ప్రశ్న ఇది. మధురవాడ నుంచి ఒకరు, గాజువాక నుంచి ఒకరు, భీమిలి రోడ్డు నుంచి ఇంకొకరు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి, అంతా ఒకచోట రాస్తున్నాను.

డ్రాయింగులో ఉన్న ప్రతి అంకె వెనకా ఒక షరతు ఉంటుంది. మట్టి ఇంత బరువు మోస్తుంది, కాంక్రీటు ఈ గ్రేడు, ఊచ ఈ ఎత్తులో ఉంటుంది, ఊతాలు ఇన్ని రోజులుంటాయి అని అనుకుని లెక్క వేస్తారు. సైటులో ఆ షరతు తప్పితే అంకె చెల్లదు. కుదరదని మేస్త్రి అన్నప్పుడు చాలాసార్లు అతను చెప్పేది నిజమే. అక్కడికక్కడ సర్దేయడమే తప్పు. కాంక్రీటు పడకముందే ఇంజినీరుకు చెప్పి కొత్త అంకె తెప్పించుకోవాలి.

ఇది రెండు మూడంతస్తుల పిల్లర్ల ఇళ్లకు రాసినది. అంతకు మించితే రోజంతా సైటులో ఉండే ఇంజినీరును పెట్టుకోండి, ఈ వ్యాసంతో పని గడవదు.

## 1. ముందు డ్రాయింగు మూలనున్న నోట్స్ చదవండి

అందరూ పిల్లర్ సైజు, ఊచల సంఖ్య చూస్తారు. కుడివైపు కింద చిన్న అక్షరాల్లో ఉండే జనరల్ నోట్స్ ఎవరూ చదవరు. అసలు షరతులన్నీ అక్కడే ఉంటాయి.

విశాఖలో ముందు చూడాల్సింది వాతావరణ తీవ్రత. ఐఎస్ 456 (కాంక్రీటు పనికి భారత ప్రమాణం) ప్రకారం సముద్రతీర వాతావరణానికి నేరుగా ఎదురుగా ఉండే కాంక్రీటు "తీవ్రం" కిందికి వస్తుంది. దానికి కనీసం ఎం 30 గ్రేడు (కాంక్రీటు బలానికి గుర్తు, అంకె పెరిగితే బలం ఎక్కువ), 45 మి.మీ. కవరు (ఊచ మీద ఉండే కాంక్రీటు మందం), ఘనపు మీటరుకు 320 కేజీల సిమెంటు ఉండాలి, నీళ్లు-సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు. తీరప్రాంతమే అయినా ఉప్పుగాలి నేరుగా తగలని చోట "మధ్యస్థం". అక్కడ ఎం 25, 30 మి.మీ. కవరు, 300 కేజీలు, 0.50.

లాసన్స్ బే కాలనీ, రుషికొండ, సాగర్ నగర్ వంటి చోట్ల ఇల్లు కడుతూ డ్రాయింగులో ఎం 20, 20 మి.మీ. కవరు అని ఉంటే, ఆ డ్రాయింగు ఎక్కడో లోపలి ఊరికి వేసినదాని నకలని నా అనుమానం. అడగండి.

గాలి: ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకు ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. భూకంపం: ఐఎస్ 1893, 2016 పటంలో జోన్ 2. ఇక్కడ మామూలు ఇంటికి ముందు భయపడాల్సింది గాలికీ ఉప్పుకీ నీటికీ.

నోట్స్‌లో ఇవి ఉన్నాయో లేదో టిక్కు పెట్టుకోండి:

- మట్టి సామర్థ్యం ఎంత అనుకున్నారు, చదరపు మీటరుకు ఎన్ని టన్నులు
- కాంక్రీటు గ్రేడు, ఫుటింగుకూ (పిల్లర్ కింది పునాది దిమ్మ) పైకీ విడివిడిగా
- ఫుటింగు, పిల్లర్, బీము, స్లాబుకు వేర్వేరు కవరు
- ఊచ గ్రేడు, ల్యాప్ (అతుకు దగ్గర రెండు ఊచలు కలిసి నడిచే) పొడవు
- ఎన్ని అంతస్తులకు లెక్క వేశారు, నీళ్ల ట్యాంకు ఎక్కడ

ఏది లేకపోయినా రాయించుకున్నాకే జేసీబీని పిలవండి.

## 2. గొయ్యి తవ్విన రోజు

ఈ ఊరి నేల ఒక తీరున ఉండదు. కొండ పక్కన ఖోండలైటు రాయి, దాని మీద మెత్తబడిన ఎర్రమట్టి. బీచి వైపు వదులు ఇసక. పోర్టు, మేహాద్రిగెడ్డ వైపు పల్లంలో మెత్తని బంకమన్ను. కాబట్టి పక్కింటివాళ్లకు ఐదడుగుల్లో గట్టి నేల తగిలిందంటే మీకూ అక్కడే తగులుతుందన్న నమ్మకం లేదు.

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది కొండవాలును చెక్కి వేసిన లేఅవుట్. పై వైపు చెక్కిన మట్టిని కింది వైపు పోసి చదును చేస్తారు. పైకి చూస్తే స్థలమంతా ఒకే ఎర్రరంగు. కానీ ఒక మూల రాయి, ఎదురు మూల నిన్నమొన్న పోసిన మట్టి. రాయి మీది పిల్లర్ కదలదు, పోత మట్టి మీది పిల్లర్ రెండు వానాకాలాల్లో దిగుతుంది. గోడల్లో మెట్లు మెట్లుగా ఏటవాలు పగుళ్లు వస్తాయి.

నేను చూసిన ఒక స్థలంలో తొమ్మిది గోతులూ ఆరడుగులు తవ్వి బెడ్ కాంక్రీటుకు (ఫుటింగు కింద వేసే పలచ పొర) సిద్ధం చేశారు. 12 మి.మీ. ఊచ తీసుకుని ఒక్కో గోతిలో గుచ్చి చూశాను. ఏడింట్లో రెండంగుళాలు కూడా దిగలేదు. కింది వైపు రెండింట్లో ఒక చేత్తో నొక్కితే మోచేయి లోతుకు పోయింది. ఇంకో అడుగున్నర తవ్వితే పాలిథిన్ కవరు, కొబ్బరి డొక్క బయటపడ్డాయి. పుట్టు నేలలో పాలిథిన్ ఉండదు కదా.

చేయాల్సిన వరుస:

1. తవ్వకముందే మట్టి పరీక్ష చేయించండి. కనీసం రెండు మూలల్లో, ఎత్తు వైపొకటి, పల్లం వైపొకటి. లోతు ఫుటింగు అడుగు నుంచి దాని వెడల్పుకు ఒకటిన్నర రెట్లైనా ఉండాలి.
2. తవ్వాక ప్రతి గోతిలో ఊచ గుచ్చి చూడండి. ఒక్కటి తేడాగా ఉన్నా ఫోటో తీసి ఇంజినీరుకు పంపండి.
3. పోత మట్టి తగిలితే అది పూర్తిగా పోయేదాకా తవ్వాలి. ఎక్కువైన లోతును మట్టితో పూడ్చకుండా ఇంజినీరు చెప్పిన పలచ కాంక్రీటుతో నింపాలి. లేదా పిల్లర్నే కిందికి దించాలి, అప్పుడు ఊచలూ మారవచ్చు.
4. ఒకే ఫుటింగు సగం రాయి మీద, సగం మట్టి మీద కూర్చోకూడదు.
5. గోతిలో నీరు ఊరితే మోటారు పెట్టి తోడేయడం సులువే. ఆ నీరు మురికిగా, ఇసకతో వస్తుంటే పక్కింటి పునాది కింది మట్టి మీ మోటారులోంచి పోతోందని అర్థం. ఆపి, ఇంజినీరును పిలవండి.
6. రాత్రి వానపడి గోయి అడుగు బురదైతే, ఆ బురద తీసి గట్టి నేల కనబడ్డాకే బెడ్ వేయాలి. దాని మీద పొడి ఇసక చల్లి బెడ్ వేస్తే బురద కిందే ఉండిపోతుంది.

మనుషుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎర్రమట్టి ఎండలో నిటారుగా, గోడ కట్టినట్టు నిలబడుతుంది. దాన్ని చూసి కూలీలు ధైర్యంగా దిగుతారు. వాన పడ్డ మర్నాడు అదే గోడ ఒక్కసారిగా విరిగి పడుతుంది. ఒకటిన్నర మీటరు దాటిన ఏ గోతికైనా పక్కలు వాలుగా చెక్కాలి, లేదా పలకలతో ఊతమివ్వాలి. తవ్విన మట్టిని గట్టునే పోయకుండా ఒకటిన్నర మీటరు దూరంగా పోయించండి. నిచ్చెన లేని గోతిలోకి ఎవరినీ దింపకండి.

## 3. నీళ్లు, ఇసక, సిమెంటు

నీళ్లు: బీచికి దగ్గర్లో బోరు నీటిలో ఉప్పు సాధారణం. ఆర్‌సీసీ కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456 అంటుంది. ఒక సీసా నీళ్లు ల్యాబుకిస్తే తేలిపోతుంది. ఎక్కువుంటే కాంక్రీటుకు మంచినీటి ట్యాంకరే తెప్పించండి. క్యూరింగుకు (పోసిన కాంక్రీటును తడిపి ఉంచడానికి) కూడా ఆ బోరు నీళ్లు వద్దు. రోజూ తడిపి ఆరబెడుతుంటే ఉప్పు పైపొరలో పేరుకుంటుంది.

ఇసక: మన దగ్గరికి ఎక్కువగా శ్రీకాకుళం వైపు నాగావళి, వంశధార ఇసక వస్తుంది. బీచి ఇసకను ఎవరు ఎంత కడిగి ఇస్తామన్నా దించుకోవద్దు. నాలుకకు ఉప్పు తగిలితే సరుకు వెనక్కి పంపండి. తగలనంత మాత్రాన మంచిదనీ కాదు, ల్యాబు పరీక్షే లెక్క. మట్టి ఉందేమో చూడాలంటే గాజు సీసాలో సగం ఇసక, పైదాకా నీళ్లు పోసి కుదిపి రెండు మూడు గంటలు వదిలేయండి. పైన పేరుకున్న ఒండ్రు పొర, ఇసక ఎత్తులో వందకు ఎనిమిది వంతులు దాటితే వద్దు. రోబో శాండ్ (రాయిని పొడి చేసిన ఇసక) వాడినా ఫర్వాలేదు, కాంక్రీటు రకమూ ప్లాస్టరింగు రకమూ వేరని మాత్రం గుర్తుంచుకోండి.

తడి ఇసకతో ఒక చిక్కుంది. బస్తా సిమెంటుకు 0.50 లెక్కన 25 లీటర్ల నీళ్లు. ఎం 20కి 1:1.5:3 పాళ్లలో బస్తాకు ఇసక 80 కేజీల దాకా పడుతుంది. వాన తర్వాత ఇసకలో వందకు ఐదు వంతుల తడి ఉందనుకుంటే, 4 లీటర్లు ఇసకలోనే వచ్చేశాయి. ఇక పోయాల్సింది 21. మిల్లరు దగ్గరి కుర్రాడు బకెట్ లెక్కతో పోసేది మాత్రం మొన్న ఎండలో పోసినంతే. దానికితోడు తడి ఇసక ఉబ్బి పావువంతు దాకా ఎక్కువ కనబడుతుంది, డబ్బాతో కొలిస్తే ఇసక తగ్గిపోతుంది. ఎం 25, ఆ పైన డబ్బా కొలతలతో చేయకుండా మిక్స్ డిజైన్ (ల్యాబులో తేల్చే పాళ్లు) చేయించి తూకం ప్రకారం కలపాలి. చిన్న ఇంటికి ఆర్ఎంసీయే (ప్లాంటులో కలిపి బండిలో తెచ్చే కాంక్రీటు) నయం.

సిమెంటు: తీరంలో స్లాగు (ఉక్కు కొలిమి చిట్టెం కలిపిన) సిమెంటు, పీపీసీ (బూడిద వంటివి కలిపిన సిమెంటు) రెండూ ఉప్పును తట్టుకోవడంలో ఏమీ కలపని మామూలు ఓపీసీ కన్నా మేలు. కాకపోతే తొలిరోజుల్లో బలం నెమ్మదిగా వస్తుంది. ఈ సంగతి సెంట్రింగ్ (పచ్చి కాంక్రీటును మోసే పలకలు, ఊతాలు) విప్పే రోజుకి గుర్తుండాలి. ఇక్కడి తేమకు బస్తాలు గడ్డకడతాయి కాబట్టి చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో పేర్చి, ముందొచ్చింది ముందు వాడండి.

## 4. ఐరన్ పని: కవరు దగ్గర మోసపోకండి

ఊచల తూకం మీరే చూడవచ్చు. మీటరు ముక్క కోసి తూచండి. 8 మి.మీ.కు 395 గ్రాములు, 10కి 617, 12కి 888, 16కి 1.58 కేజీలు, 20కి 2.47 రావాలి. 10 మి.మీ. దాకా ఊచలకు వందకు 7 వంతులు; 12, 16 మి.మీ. ఊచలకు 5; ఆ పైన 3 వంతుల తేడాను ఊచల ప్రమాణం ఐఎస్ 1786 ఒప్పుకుంటుంది.

తుప్పు: సముద్రం పక్కన వారం తిరక్కుండానే ఊచ ఎర్రబడుతుంది. దానికి కంగారు పడనక్కర్లేదు, వైరు బ్రష్‌తో రుద్దితే చాలు. పొరలుగా ఊడుతూ, కింద గుంటలు కనబడితే మళ్లీ తూచండి. తూకం తగ్గితే తీసేయాలి.

ఇక కవరు. ఐఎస్ 456లో కవరంటే అన్నిటికన్నా బయట ఉండే ఊచ నుంచి కొలిచేది. పిల్లర్లో, బీములో బయట ఉండేది రింగు (పెద్ద ఊచల చుట్టూ కట్టే సన్న ఊచ). మేస్త్రీలు పెద్ద ఊచ నుంచి కొలుస్తారు. 30 మి.మీ. కవరు రావాల్సిన చోట 8 మి.మీ. రింగును లెక్కలోంచి వదిలేస్తే 22 మిగులుతుంది. సెంట్రింగ్ షీటు కాస్త లోపలికి నొక్కుకుంటే 15.

బీచి రోడ్డుకు రెండు వీధుల అవతల, పదేళ్లు నిండని ఒక ఇంటి బాల్కనీ అడుగున సిమెంటు పెచ్చులు రాలుతున్నాయని పిలిచారు. స్క్రూడ్రైవరుతో గుచ్చితే అరచేయంత పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. దాని లోపలి వైపు ఊచ గీతలు అచ్చు గుద్దినట్టున్నాయి. టేపు పెడితే కవరు 12 మి.మీ. కంకర పలుకు కవరు బ్లాకుగా వాడిన గుర్తు అక్కడే కనబడుతోంది. కాంక్రీటు గ్రేడు బాగానే ఉంది పాపం.

కాంక్రీటుకు ముందు చూడాల్సినవి:

- కవరు బ్లాకులు కాంక్రీటువో, అదే బలమున్న మోర్టారువో. రాయి ముక్క, టైలు ముక్క, చెక్క వద్దు
- ఫుటింగు అడుగున కనీసం 50 మి.మీ., పిల్లర్‌కు కనీసం 40, తీరంలో 45
- రింగుల కొక్కేలు లోపలికి 135 డిగ్రీలు వంగి ఉండాలి. 90 దగ్గర ఆపితే తెరుచుకుంటాయి
- ఎం 25లో ఎఫ్ఈ 500 గ్రేడు ఊచకు లాగుడు పడే చోట ల్యాప్ ఊచ మందానికి 49 రెట్లు. అంటే 16 మి.మీ. ఊచకు దాదాపు 800 మి.మీ. "రెండడుగులు చాలు సార్" అంటే చాలదు
- ల్యాపులన్నీ ఒకే వరుసలో పడకూడదు
- పిల్లర్ ఊచ పక్కకు జరిగిందని వేడిచేసి వంచనివ్వకండి. వేడికి టీఎంటీ బలం పోతుంది

భవిష్యత్తులో పై అంతస్తు కోసం వదిలేసిన ఊచల గురించి ఒక మాట. మన ఊళ్లో డాబాల మీద ఇవి అడవిలా కనబడతాయి. ఐదారేళ్లకు స్లాబు మట్టం దగ్గర సన్నబడిపోతాయి. నీరు నిలిచేది అక్కడే. ఇప్పుడే పలచ కాంక్రీటుతో దిమ్మెలా కప్పేయండి, కట్టే రోజున పగలగొట్టుకోవచ్చు. ఇప్పటికే సన్నబడ్డ ఊచలకు కొత్త ఊచ కట్టేసి పైకి లేపితే పాత లోపం కింద అలాగే ఉంటుంది.

## 5. సెంట్రింగ్

125 మి.మీ. స్లాబు పచ్చిగా ఉన్నప్పుడు చదరపు మీటరుకు 312 కేజీలు. షీట్లు, మనుషులు, ఒకచోట కుప్పపడ్డ కాంక్రీటు కలిస్తే 500 దాటుతుంది. కింది అంతస్తు స్లాబును నివాసానికి చదరపు మీటరుకు 200 కేజీల వాడుక బరువుకే లెక్క వేస్తారు. పై స్లాబు పోసే రోజున కింది స్లాబు మీద పడే భారం దాని జీవితంలోనే పెద్దది కావచ్చు. అందుకే పై స్లాబు వేసేదాకా కింది స్లాబు కింద కూడా ఊతాలుండాలి.

- గ్రౌండ్ ఫ్లోరులో ఊతాలు పోత మట్టి మీద నిలబడితే, ప్రతి దాని కిందా వెడల్పాటి చెక్క పలక వేయాలి. ఇటుక ముక్క వానకు మట్టిలో దిగబడిపోతుంది
- సర్వి బాదులు వంకరవి, పుచ్చినవి పక్కన పెట్టండి. అతుకు వేసినవి మూడింట ఒకటికి మించకూడదు
- ఊతాల మధ్య అడ్డంగా, ఏటవాలుగా కట్లుండాలి. ఇవి లేని సెంట్రింగ్ పంపు పైపు కుదుపుకే ఒరుగుతుంది
- పోసేటప్పుడు కింద ఒక మనిషి ఊతాలను చూస్తూ ఉండాలి. స్లాబు కింద మధ్యలో తిరగకుండా అంచున నిలబడి చూడాలి

## 6. స్లాబు రోజు

నాలుగు నెలల జాగ్రత్త ఆరు గంటల్లో పోయేది ఈ రోజే. ఉదయం ఆరింటికే మీరు అక్కడుండాలి.

ముందురోజు సాయంత్రం. ఇంజినీరు వచ్చి ఐరన్ చూసి సంతకం పెట్టాలి. ఆ తర్వాత కరెంటు పైపులవాళ్లు వస్తారు. వాళ్లు ఊచల్ని పక్కకు జరిపి పోతారు. వాళ్లు వెళ్లాక మళ్లీ ఒకసారి చూడండి. వైబ్రేటర్లు రెండు ఉండాలి, ఒకటి పాడైతే రెండోది. టార్పాలిన్లు, డీజిల్, చీకటి పడితే లైట్లు.

ఆర్ఎంసీ బండి వచ్చినప్పుడు. చలానాలో ప్లాంటులో నింపిన సమయం చూడండి. రెండు గంటల్లోపు దింపాలని ఐఎస్ 4926 చెబుతుంది. ఎన్ఏడీ దగ్గరో హనుమంతవాక దగ్గరో ఇరుక్కుంటే ఆ గడువు దారిలోనే అయిపోతుంది. స్లంపు (కాంక్రీటు ఎంత జారుగా ఉందో చెప్పే కొలత) కోన్‌తో కొలిపించండి. పంపుకు మీ మిక్స్ డిజైన్‌లో ఎంత రాశారో అంత రావాలి.

పంపు తోయడం లేదని బండిలో నీళ్లు కొడతామంటారు. 6 ఘనపు మీటర్ల బండిలో 100 లీటర్లు కలిపితే ఘనపు మీటరుకు దాదాపు 17 లీటర్లు. 340 కేజీల సిమెంటున్న కాంక్రీటులో నిష్పత్తి 0.45 నుంచి 0.50కి పోయింది. మీరు డబ్బిచ్చి కొన్న తీవ్ర వాతావరణపు కాంక్రీటు, మధ్యస్థానికి దిగిపోయింది. బిగుసుకుంటే ప్లాంటువాళ్ల మనిషి చేత అడ్మిక్చర్ (కాంక్రీటును జారుగా చేసే మందు) వేయించాలి. నీళ్లైతే బండి వెనక్కే.

క్యూబులు, అంటే బలం పరీక్షకు పోసే కాంక్రీటు దిమ్మెలు. 5 ఘనపు మీటర్ల లోపు ఒక శాంపిల్, 15 దాకా రెండు, 30 దాకా మూడు. ఒక్కో శాంపిల్‌కు 28 రోజుల పరీక్షకు మూడు క్యూబులు. 7 రోజులకూ కావాలంటే ఇంకో మూడు. బండి మొదట్లో, చివర్లో కాకుండా మధ్యలో కాంక్రీటు తీయాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కాలేజీలోనో, గుర్తింపున్న ల్యాబులోనో పరీక్షించుకోండి. అమ్మినవాడి ల్యాబు రిపోర్టు ఒక్కటే చాలదు.

బాల్కనీ ఊచలు. కాంటిలీవరు (ఒక వైపే ఆధారమున్న) బాల్కనీలో బలమిచ్చే ఊచలు పైన ఉంటాయి. గమేళాలు మోసేవాళ్లు, పంపు పైపు పట్టుకున్నవాళ్లు వాటి మీదే నడుస్తారు. 125 మి.మీ. స్లాబులో 30 కవరు, 10 మి.మీ. ఊచ అయితే అడుగు నుంచి ఊచ నడుమ దాకా 90 మి.మీ. ఉండాలి. కాళ్లకింద పడి 35 మి.మీ. కిందికి దిగితే మిగిలేది 55. బలం వందకు దాదాపు నలభై వంతులు పోయింది, పైనుంచి చూసేవాడికి ఏమీ తెలియదు.

దీనికి మీటరుకొక ఊచ కుర్చీ (పై ఊచను ఎత్తి పట్టే వంచిన ఊచ) పెట్టాలి, కుర్చీలకూ కింద కవరు బ్లాకులుండాలి. నడవడానికి చెక్కల దారి వేయాలి. బాల్కనీ పోసే ముందు ఒక రాడ్‌బెండర్‌ను అక్కడే నిలబెట్టి, దిగిన ఊచను కొక్కెంతో లేపిస్తూ పోయించాలి. నేనైతే ఆ పది నిమిషాలూ ఫోన్ ఎత్తను.

పోయడం, కుదపడం. ఒకటిన్నర మీటరు కన్నా ఎత్తు నుంచి పడేస్తే కంకర, సిమెంటు పాలు విడిపోతాయి. వైబ్రేటరు నిటారుగా దింపి, బుడగలు ఆగేదాకా ఉంచి, నెమ్మదిగా తీయాలి. దాంతో కాంక్రీటును పక్కకు తోయకూడదు, ఊచకు ఆనించి ఉంచకూడదు. పిల్లర్, బీము కలిసే చోట ఊచలు కిక్కిరిసి ఉంటాయి, సన్న సూది వైబ్రేటరు, సన్న కంకర అక్కడే అవసరం.

మధ్యలో ఆగిపోతే. బండి రాలేదు, వాన వచ్చింది, పంపు పాడైంది. ఎక్కడ ఆపాలో ముందే ఇంజినీరు చేత డ్రాయింగు మీద గీయించుకోండి. మామూలుగా స్పాను (రెండు ఆధారాల మధ్య దూరం) మధ్యభాగంలో, పిల్లర్‌కు దూరంగా. అంచును జారుడుగా వదలకుండా చెక్క అడ్డుపెట్టి నిటారుగా ఆపాలి. మర్నాడు ఆ ముఖాన్ని గరుకుగా చెక్కి, కడిగి, తర్వాతే కొత్తది.

వాన. చినుకులకు టార్పాలిన్ చాలు. జోరువాన పడి పైన సిమెంటు పాలు కారిపోయి కంకర తేలితే, పొడి సిమెంటు చల్లి రుద్దే అలవాటుంది. అది కొన్నాళ్లకు పెచ్చులై లేస్తుంది. కొట్టుకుపోయిన పొరను తీసేసి అదే కాంక్రీటుతో నింపాలి.

## 7. నీళ్లు కట్టడం, ఊతాలు తీయడం

పైన మళ్లు కట్టి నీళ్లు నిలపండి. ఓపీసీకి కనీసం 7 రోజులు, పీపీసీ, స్లాగు సిమెంటుకు 10. ఎండలు మండుతుంటే వరుసగా 10, 14. నేను అన్నిటికీ 14 చెబుతాను, లెక్క మరిచిపోయే పని ఉండదు. స్లాబుకు అందరూ పెడతారు, పిల్లర్లకు పెట్టరు. గోనె చుట్టి రోజుకు నాలుగైదుసార్లు తడపండి. సముద్రపు గాలికి గోనె గంటన్నరలో ఆరుతుంది.

ఊతాలు తీసే గడువు, ఓపీసీకి ఐఎస్ 456 లెక్క:

- పిల్లర్, గోడ పలకలు: 16 నుంచి 24 గంటలు
- స్లాబు ఊతాలు, 4.5 మీటర్ల స్పాను దాకా: 7 రోజులు. దాటితే 14
- బీము ఊతాలు, 6 మీటర్ల దాకా: 14 రోజులు. దాటితే 21

పీపీసీ, స్లాగు సిమెంటైతే ఇంకొన్ని రోజులు కలపమని ఇంజినీరునే అడగండి. సెంట్రింగ్ కాంట్రాక్టరుకు వేరే సైటుంటుంది, తొందర అతనిది. బాల్కనీ ఊతాలు కొస నుంచి గోడ వైపుకు తీయాలి, మామూలు స్లాబుకు మధ్య నుంచి పక్కలకు.

ఊతాలు తీసిన వారానికే స్లాబు మీద ఇటుకలు దించుతారు. ఒక ఫ్లైయాష్ ఇటుక సుమారు 3 కేజీలు. రెండు చదరపు మీటర్లలో 500 పేరిస్తే చదరపు మీటరుకు 750 కేజీలు, స్లాబుకు లెక్క వేసినదానికి మూడున్నర రెట్లకు పైనే. బీముల మీదుగా, పలచగా పరిపించండి.

## 8. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరినే తాకింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మళ్లీ మే నెలలో, సగం కట్టిన ఇంటికి ఒక పథకం ఉండాలి. పూర్తయిన ఇల్లు తట్టుకునే గాలిని సగం కట్టినది తట్టుకోలేదు, గోడలను పట్టి ఉంచే పై బీము ఇంకా ఉండదు కదా.

సెకనుకు 50 మీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 150 కేజీల బరువుతో తోస్తుంది. పది మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు ఎత్తు పిట్టగోడ మీద రెండు టన్నులకు పైనే.

- అడ్డగోడ లేకుండా ఒంటరిగా నిలబడ్డ కొత్త గోడలకు రెండు వైపులా ఊతం, లేదా పై వరుసలు విప్పేయడం
- పరంజా, సెంట్రింగ్ షీట్లు దించి తాళ్లతో కట్టడం
- కాంక్రీటు వాయిదా. పోసి 24 గంటలు గడవనిదుంటే టార్పాలిన్, బరువులు
- కరెంటు మెయిన్ తీసేయడం, కూలీలను షెడ్డులోంచి పక్కా భవనంలోకి పంపడం

వాన తెరిపిచ్చాక ఊతాల కింద మట్టి కుంగిందా అని చూసేదాకా పైకి ఎవరినీ ఎక్కించవద్దు.

## 9. కొండవాలులో నిలుపుడు గోడ

2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం నాడు వానకు కొత్తగా కట్టిన గోడ కూలి భక్తులు ప్రాణాలు కోల్పోయారు. ఆరిలోవ, మధురవాడ, పెందుర్తి వైపు కొండవాలు స్థలాల్లో ఇలాంటి గోడలు ఇంటింటికీ కనబడతాయి. వాటిని కాంపౌండు గోడలుగానే చూస్తారు, డ్రాయింగు కూడా ఉండదు.

మూడు మీటర్ల మట్టిని ఆపే గోడ మీద, మట్టి పొడిగా ఉంటే మీటరు పొడవుకు సుమారు 2.7 టన్నుల తోపు. వెనక నీరు నిండితే దాదాపు 5.6, అంటే రెట్టింపు. ఇటుక గోడకు ఆ శక్తి లేదు.

- ఒక మీటరు దాటిన ప్రతి నిలుపుడు గోడకు విడిగా లెక్క, డ్రాయింగు
- వెనక కంకర పొర, గోడలో ఏటవాలుగా నీటి రంధ్రాలు, పైన వాన నీటిని మళ్లించే కాలువ
- గోడ బలపడకముందే వెనక మట్టి నింపకూడదు
- ప్లాస్టరింగులో రంధ్రాలు మూసుకుపోతాయి. పని అయ్యాక ఒక్కోదాంట్లో ఊచ పెట్టి చూడండి

## 10. మధ్యలో వచ్చే మార్పులు

వాస్తు పెద్దాయన వచ్చి మెట్లు జరపమంటారు, ట్యాంకు నైరుతికి మార్చమంటారు. నాకు వాస్తుతో పేచీ లేదు, ప్లాను గీసే రోజే పిలవండి. 2000 లీటర్ల ట్యాంకంటే రెండు టన్నులు. పిల్లర్ల మీదికి రావాల్సిన బరువు స్లాబు నడుమకు వస్తే లెక్క మొత్తం మారుతుంది.

ప్లంబరు బీముకు బెజ్జం వేయడం, బాత్రూం పల్లాన్ని శిథిలాలతో నింపడం, పెంట్‌హౌసు కలపడం కూడా ఇలాంటివే. "ఏం కాదు సార్, అన్ని సైట్లలోనూ ఇంతే" అన్నప్పుడు ఇంజినీరు చేత ఒక్క ముక్క రాయించి వాట్సాప్‌లో తెప్పించుకోండి. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) అనుమతి ప్లానుకు కూడా మార్పు తగులుతుంటే ఆ పని వేరే.

## 11. తప్పు జరిగిపోతే

పలకలు విప్పగానే కంకర తేలి బెజ్జాలు. ఎవరూ ప్లాస్టరుతో మూసేయకముందే ఫోటో తీయండి. పైపైనే అయితే వదులు భాగం చెక్కి, కడిగి, బలమైన మోర్టారు. ఊచ కనబడితే ఇంజినీరు వచ్చి చూడాలి. పిల్లర్ అడుగునైతే పైన పని ఆపి, ఊతాలిచ్చి, మైక్రోకాంక్రీటుతో (సందుల్లోకి జారే సన్న కంకర కాంక్రీటు) నింపాలి.

క్యూబు ఫలితం తక్కువ. క్యూబు తయారీలోనే తప్పుండవచ్చు. ముందు రీబౌండ్ హ్యామరుతో (పైనుంచి కొట్టి గట్టిదనం చూసే పరికరం) చూసి, అనుమానముంటే కోర్ (కాంక్రీటులోంచి గుండ్రంగా కోసిన ముక్క) తీయించాలి. ఈలోగా పై అంతస్తు పని ఆగాలి.

కవరు తగ్గింది. కవరు మీటరుతో (పగలగొట్టకుండా కవరు కొలిచే పరికరం) ఇంటి మొత్తం కొలిపించండి. తీరం వైపు ముఖాలకు రక్షణ పూత, అదనపు పొర ఇంజినీరు చెబుతాడు. తుప్పు మొదలయ్యాక చేసే బాగు దీనికి ఎన్నో రెట్లు.

బాల్కనీ పై భాగంలో గోడ పక్కన పగులు. ఊతాలు వెంటనే తిరిగి పెట్టి, బాల్కనీ మీదికి ఎవరినీ పోనివ్వకుండా ఇంజినీరుకు ఫోన్ చేయండి.

ప్రతి దశలో టేపు పెట్టి, తేదీ కనబడేలా ఫోటోలు తీసి ఒక ఫోల్డరులో దాచండి. గొయ్యి అడుగు, ఫుటింగు ఐరన్, పిల్లర్ మొదలు, బాల్కనీ పై ఊచలు, క్యూబుల మీద రాసిన తేదీ. పదేళ్ల తర్వాత పై అంతస్తు వేయడానికి వచ్చే ఇంజినీరు గోడ పగలగొట్టకుండా ముందు అడిగేది ఆ ఫోటోలనే.